అందుకోవాలని అప్పు చేస్తే మిగిలింది 17 రోజులు

ప్రశ్న: నా వయసు 34. చీపురుపల్లిలో అద్దె ఇంట్లో ఉంటూ ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 38 వేలు చేతికొస్తుంది. మా సొంతూరు పలాస దగ్గర ఉద్దానంలో. తిత్లీ తుపానుకు కొబ్బరి తోట పడిపోయాక కొన్నేళ్లపాటు మిగిలిందంతా ఇంటికే పంపాను. ఇప్పుడు అమ్మకు కిడ్నీ సమస్య మొదలైంది. 35 ఏళ్లకల్లా ఏడాది జీతానికి రెండింతలు వెనకేసి ఉండాలని చదివాను. నాతో చదివినవాళ్లు హైదరాబాద్‌లో ఫ్లాట్లు కొంటున్నారు. వాళ్లను అందుకోవాలని ఎనిమిది నెలల కిందట 15 శాతం వడ్డీకి, మూడేళ్ల గడువుతో 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. దాచుకున్న 62 వేలల్లోంచి 44 వేలు కలిపి అంతా స్మాల్‌క్యాప్ ఫండ్‌లో, అంటే చిన్న కంపెనీల షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో వేశాను. అదిప్పుడు 3.12 లక్షలకు దిగింది. మా ఆవిడ బంగారం మీద మరో 2 లక్షలు తెచ్చి, తగ్గిన ధరకు ఇంకొన్ని యూనిట్లు కొని యావరేజ్ చేస్తే కోలుకుంటానా?

జవాబు: ముందు ఒక మాట. బంగారాన్ని బీరువాలోనే ఉండనివ్వండి. నష్టంలో ఉన్న అప్పు మీద ఇంకో అప్పు పేర్చడం యావరేజ్ చేయడం కాదు. ఫండ్ ఇంకాస్త పడితే మీకు మిగిలేది రెండు బాకీలు, వాటికి తోడు నగ వేలానికి వెళ్తుందేమోనన్న దిగులు.

మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నది ఫండ్ గురించి చెప్పడానికి కాదు. ఎవరో గీసిన గీత చూసి వెనకబడ్డాననుకోవడం, ఆ తేడాను అప్పుతో పూడ్చబోవడం చాలామంది చేస్తున్న తప్పే. రెండింతల లెక్క అమెరికాలోని ఫిడెలిటీ సంస్థది. పాతికేళ్ల వయసు నుంచి ఏటా జీతంలో 15 శాతం దాస్తూ 67 ఏళ్లకు రిటైరయ్యే ఉద్యోగి కోసం వేసిన అంచనా అది. 2018 అక్టోబర్ 11న తిత్లీ మీ తోట మీదుగా పోతుందని అందులో ఎవరూ వేసుకోలేదు. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకు రావాలంటే ఐదారేళ్లు పడుతుంది. అన్నాళ్లూ తోట పెట్టాల్సిన తిండి మీ జీతం పెట్టింది. దాన్ని వెనకబాటు అంటారా?

మిమ్మల్ని మీతోనే పోల్చి చూద్దాం. మీరు పంపిన చిట్టాలో తప్పని ఖర్చులివి: అద్దె 7,000, సరుకులూ పాలూ 7,500, కరెంటు, గ్యాస్, ఫోన్, పెట్రోలుకు 2,500, బాబు ఫీజు నెలవారీగా 3,000, అమ్మగారి మందులు 2,000. మొత్తం 22 వేలు. అప్పు చేయకముందు మీ దగ్గర 62 వేలు ఉన్నాయి. అంటే రేపు జీతం ఆగినా ఇల్లు దాదాపు 85 రోజులు నడిచేది. ఇప్పుడు కిస్తీ 10,400 కలిసి తప్పని ఖర్చు 32,400 అయింది, బ్యాంకులో ఉన్నది 18 వేలు. పదిహేడు రోజులు కూడా నిండవు. ఫండ్ స్టేట్‌మెంట్‌లో మాత్రం లక్షలు కనిపిస్తున్నాయి, ముందుకెళ్లినట్టే ఉంది!

ఇంకో లెక్క కూడా చూడండి. ఎనిమిది నెలల్లో కిస్తీల రూపంలో 83,200 కట్టారు, అందులో 27 వేలకు పైగా వడ్డీకే పోయింది. అసలు ఇంకా 2.44 లక్షలు ఉంది. అదే 10,400 నెలనెలా ఆర్డీలో వేసి ఉంటే, పాత 62 వేలతో కలిపి, వడ్డీ లెక్కలోకి తీసుకోకుండానే 1,45,200 అయ్యేది. అప్పుడు ఆరున్నర నెలలు నిశ్చింత. కట్టే శక్తి మీకు ముందే ఉంది, దాన్ని అప్పులవాడికి రాసిచ్చారు.

ఇకపై మీ కొలత ఇలా ఉండాలి. పాల లెక్క రాసుకునే పుస్తకం చాలు. ప్రతి నెలా జీతం పడి, అద్దె కట్టిన మర్నాడు మూడు అంకెలు రాయండి: ఒకటి రెండు రోజుల్లో చేతికొచ్చే డబ్బు, మొత్తం బాకీ, తప్పని నెల ఖర్చు. మొదటిదాన్ని మూడోదానితో భాగించి ముప్పైతో గుణిస్తే మీ రోజులు వస్తాయి. చాలామంది పొరబడేది మొదటి అంకె దగ్గరే. పీఎఫ్, ఎల్‌ఐసీ, ఊళ్లో స్థలం, ఎత్తని చీటీ అందులోకి రావు. స్థలం ధర బ్రోకరు చెప్పినంత ఉన్నా, ఆస్పత్రి కౌంటర్‌లో అది చెల్లదు. చీటీ ఏమో అవసరానికి పాడితే తగ్గింపు కింద కొంత సొమ్ము పోతుంది. క్రెడిట్ కార్డు లిమిట్ అసలు డబ్బే కాదు. ఈ నెలను కిందటి నెలతో కాక, కిందటేడు ఇదే నెలతో పోల్చండి. జూన్‌లో స్కూలు, దసరాకూ సంక్రాంతికీ బట్టలూ ప్రయాణాలూ ఎలాగూ గండి కొడతాయి. అది చూసి కంగారు పడనక్కర్లేదు.

మీ లక్ష్యం 180 రోజులు. ఒంటి జీతం మీద నడిచే ఇల్లు, పైగా అమ్మగారి ఆరోగ్యం. ఇంతకన్నా తగ్గడానికి వీల్లేదు. చికిత్స ఖర్చు ప్రభుత్వ పథకం భరించినా వైజాగ్ రాకపోకలు, అక్కడ ఉండటానికయ్యే ఖర్చు, సెలవుకు తెగే జీతం మీ జేబులోంచే పోతాయి. ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో ఉంచి, మిగిలింది 20 వేల చొప్పున విడివిడి ఎఫ్‌డీలుగా వేయండి. అవసరం పడితే ఒక్కటే తెంపొచ్చు, మిగతావాటి వడ్డీ దెబ్బతినదు. ఖాతాలో మీ ఆవిడ పేరు కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా పెట్టండి.

మరి ఇప్పుడేం చేయాలి? ఫండ్ అమ్మి అప్పు తీర్చేయండి. ‘కోలుకున్నాక అమ్ముతా’ అనొద్దు. 15 శాతం వడ్డీని దాటాకే మీకు మొదటి రూపాయి లాభం. ఏడాది నిండలేదు కాబట్టి ఎగ్జిట్ లోడ్ (ముందే అమ్మినందుకు ఫండ్ కోసుకునే రుసుము) 1 శాతం పడుతుందనుకుంటే 3.09 లక్షలు చేతికొస్తాయి. ముందస్తు చెల్లింపు రుసుము మీ అగ్రిమెంట్‌లో చూడండి. 4 శాతం, దానిపై జీఎస్టీ అనుకుంటే 11,500 దాకా. చివరిదాకా కిస్తీలు కడితే పోయే వడ్డీ 46 వేలకు పైమాటే, కాబట్టి ఈ రుసుము నొప్పించినా కట్టాల్సిందే. బాకీ పోను 53 వేలు మిగులుతుంది. ఉన్న 18 వేలతో కలిపి 71 వేలు, కిస్తీ లేని ఇంటికి 96 రోజులు. తర్వాత అదే 10,400 నెలనెలా పక్కన పెడితే ఆరు నెలల్లో 180 దాటుతారు. ఆ తర్వాతే సిప్ (నెలనెలా ఫండ్‌లో కొంత వేయడం), అదీ చిన్నగా. టర్మ్ పాలసీ, అమ్మగారికి తప్ప ఇంట్లోవాళ్లకు హెల్త్ పాలసీ మాత్రం అంతవరకూ ఆగకూడదు. ఫండ్ నష్టాన్ని గడువులోపు ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులో చూపితే ఎనిమిదేళ్లపాటు పెట్టుబడి లాభాల్లో సర్దుకోవచ్చు.

మీ లోన్‌ను మధ్యలో మూసేందుకు ఎన్ని కిస్తీలు నిండాలో ముందే అడగండి. కొన్నిచోట్ల 12 అంటారు. అలాగైతే ఫండ్ మాత్రం ఇప్పుడే అమ్మి, సొమ్మును బ్యాంకులో పెట్టి నాలుగు కిస్తీలు దాంట్లోంచే కట్టండి. ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (లోన్ మూసేయడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం) కొద్ది రోజులే చెల్లుతుంది, ఫండ్ డబ్బు రావడానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది కాబట్టి, డబ్బు ఖాతాలో పడ్డాకే స్టేట్‌మెంట్ తీసుకోండి. కట్టిన రోజే బాకీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ అడగండి, కిస్తీ ఆటో డెబిట్‌ను రద్దు చేయించండి. నెలన్నర తర్వాత మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో లోన్ ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో చూసుకోండి.