టెక్ సందేహాలు: కొత్త రికార్డును తిట్టే ముందు వెనకాల స్విచ్ చూడండి

ప్రశ్న: నెల కిందట కొత్త టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) కొని, ఇంట్లో ఉన్న పాత స్టీరియో ఆంప్లిఫయర్‌కి కలిపాను. ఆన్‌లైన్‌లో తెప్పించిన మూడు ఎల్పీ రికార్డులూ సౌండ్ పగిలినట్టు వస్తున్నాయి. ఒకటి మార్చి పంపారు, అదీ అంతే. కంపెనీకి ఫోన్ చేద్దామంటే పెట్టె మీద నంబర్ లేదు. ఇప్పుడొచ్చే రికార్డులన్నీ నాసిరకమేనా? – ఒక పాఠకుడు, కాకినాడ

ఇలాంటి ఉత్తరం ఈ మధ్య ఇది నాలుగోది. ఊళ్లు వేరు, కథ ఒకటే. అయ్యా, మూడు రికార్డులూ, మార్చి పంపిన నాలుగోదీ ఒకే రకంగా చెడిపోవు. నాలుగు కొట్ల పాలూ విరిగిపోతున్నాయంటే కడగాల్సింది మన గిన్నె.

టర్న్‌టేబుల్‌ని వెనక్కి తిప్పండి. వైర్లు గుచ్చే చోట, వేలిగోరుతో తప్ప కదలని బుల్లి స్విచ్ ఒకటి ఉంటుంది. నల్ల ప్లాస్టిక్ మీద, అదే రంగులో ఉబ్బెత్తు అక్షరాలతో ఒక వైపు ఫోనో అని, ఇంకో వైపు లైన్ అని ఉంటుంది. మీ ఆంప్లిఫయర్ వెనక ఫోనో అని రాసిన సాకెట్‌లో వైర్లు పెట్టి ఉంటారు. ఆ స్విచ్ లైన్ మీద ఉండి ఉంటుంది. అక్కడే ఉంది గొడవంతా.

ముల్లు గాడిలో కదిలితే పుట్టే సిగ్నల్ చాలా చిన్నది. ముల్లును పట్టుకుని దాని కదలికను సిగ్నల్‌గా మార్చే బుల్లి డబ్బీని కార్ట్రిడ్జ్ అంటారు. మామూలు మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులకు కాస్త అటూ ఇటూ. దాన్ని సుమారు నూరు రెట్లు పెంచేది ఫోనో ప్రీఆంప్. అది చేసే పని ఇంకొకటి కూడా ఉంది. రికార్డు కోసేటప్పుడు బేసు తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే బేసు దగ్గర గాడి మరీ వంకర్లు పోయి ఎక్కువ చోటు తినేస్తుంది. 1954 నుంచి ఆర్‌ఐఏఏ (అమెరికా రికార్డు కంపెనీల సంఘం) పెట్టిన లెక్క ప్రకారం ఇది జరుగుతోంది. ప్రీఆంప్ ఆ లెక్కను తిరగేసి పాటను మామూలుగా చేస్తుంది. పాత ఆంప్లిఫయర్లలో ఇది ఫోనో సాకెట్ వెనకే ఉండేది. ఇప్పటి టర్న్‌టేబుళ్లలో చాలావాటికి లోపలే పెట్టేస్తున్నారు, స్విచ్ లైన్ మీద ఉంటే అది పనిచేస్తుంది. రెండూ కలిసి పనిచేస్తే అత్త ఒకసారి, కోడలు ఒకసారి ఉప్పు వేసిన పప్పే. వాల్యూమ్ నాబ్ కొంచెం కదిపితే చాలు, ఇల్లు అదిరిపోతుంది. బేసు బొంయ్‌మంటుంది. పాడేవాళ్ల గొంతు చిరిగిన గుడ్డలా వస్తుంది. ఆంప్లిఫయర్ ఆపేసి స్విచ్ ఫోనో వైపు జరపండి. లేదా వైర్లు తీసి, వెనక ప్రీఆంప్ లేని ఆక్స్ సాకెట్‌లో పెట్టండి. ఏదో ఒకటే చెయ్యండి. రెండూ చేస్తే సౌండ్ దోమ పాడినట్టు వస్తుంది, అప్పుడు మళ్లీ నాకే రాస్తారు.

ఈ విషయంలో నేనేమీ ఉత్తముణ్ణి కాదు. నా మొదటి కొత్త టర్న్‌టేబుల్‌తో రెండు వారాలు కుస్తీ పట్టాను. ముల్లు మార్చాను, స్పీకర్ వైర్లు మార్చాను, ఒక రికార్డు తిరిగి పంపాను. చివరికి ఊడ్చడానికి బల్ల జరిపినప్పుడు మా ఆవిడే అడిగింది, ‘వెనక ఈ స్విచ్ దేనికి?’ అని. అందుకే నా కోపం వాడేవాళ్ల మీద కాదు. ముందు వైపు రంగురంగుల లైటు పెట్టడానికి డబ్బులున్నాయి గానీ, వెనక ఆ రెండు మాటలు తెల్ల రంగులో అచ్చు వేయడానికి లేవా? అట్ట పెట్టెలో ఇరవై భాషల్లో భద్రతా సూచనల పుస్తకం పెడతారు. ‘మీ ఆంప్లిఫయర్‌కి ఫోనో సాకెట్ ఉంటే ఈ స్విచ్ ఇటు’ అన్న ఒక్క వాక్యం మాత్రం దొరకదు.

స్విచ్ సరిచేశాక కూడా పగులుతుంటే బరువు చూడండి. చాలా కార్ట్రిడ్జ్‌లకు గాడి మీద ఆనాల్సిన బరువు 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య ఉంటుంది. సరైన అంకె కార్ట్రిడ్జ్ కాగితం మీద రాసి ఉంటుంది. తక్కువైతే ముల్లు గాడికి ఆనదు, గట్టిగా పాడే చోట్ల ఎగిరెగిరి పడుతుంది, అదే మనకు పగిలినట్టు వినిపిస్తుంది. రికార్డు పాడవుతుందన్న భయంతో బరువు తగ్గించేవాళ్లున్నారు. తేలిగ్గా ఎగిరిపడే ముల్లే గాడిని ఎక్కువ చెక్కుతుంది. ఈ బరువు చూసే చిన్న డిజిటల్ త్రాసు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, కొనండి.

అట్ట మీద ‘180 గ్రాములు’ అన్న స్టిక్కర్ చూసి ఎక్కువ డబ్బులు పెట్టేవాళ్లకు ఒక మాట. అది ప్లాస్టిక్ బరువు. మామూలు ఎల్పీ 120, 140 గ్రాములు ఉంటుంది. దళసరిగా ఉంటే అంత తేలిగ్గా వంగదేమో గానీ, గాడిలో ఉన్న పాట మారదు.

నిజంగా రికార్డే చెడ్డదయితే? అదీ జరుగుతుంది. ప్రతిసారీ అదే చోట, ఎక్కువగా ఒక స్పీకర్ వైపే, గుడ్డ చింపుతున్నట్టు పరపరమంటే, ముల్లు శుభ్రంగా ఉన్నా అంతే అయితే, అచ్చు పోసేటప్పుడు వినైల్ (రికార్డు ప్లాస్టిక్) గాడి నిండా పారలేదని అర్థం. ఎంత కడిగినా పోదు. ఇంకోటి, మధ్య రంధ్రం పక్కకి పడడం. రికార్డు తిరుగుతుంటే ముల్లును మోసే చేతిని, అదే టోన్ ఆర్మ్‌ని చూడండి, ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంటుంది. తంబురా శ్రుతి కూడా దాంతో పాటే ఊగుతుంది. ఈ రెండింటికీ మందు లేదు, తిరిగి పంపాల్సిందే.

తిరిగి పంపడం అన్నాను కదా, అసలు నాకు టెన్షన్ అక్కడే. మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది సౌండ్ సంగతి కాదు, ‘పెట్టె మీద నంబర్ లేదు’ అన్న మాట. నంబర్ లేకపోతే జనం ఏం చేస్తారు? గూగుల్‌లో కంపెనీ పేరు కొట్టి పక్కన కస్టమర్ కేర్ అని టైప్ చేస్తారు. పైన కనిపించిన నంబర్‌కి ఫోన్ చేస్తారు. ఆ నంబర్ ఎవరిది? డబ్బులు కట్టి ప్రకటన పెట్టినవాడిది కావచ్చు, మ్యాప్‌లో దొంగ షాపు పేరు ఎక్కించినవాడిది కావచ్చు. అవతలివాడు చక్కటి తెలుగులో ‘సార్, మీ రీఫండ్ రెడీగా ఉంది’ అంటాడు. ఒక యాప్ వేసుకోమంటాడు. అది స్క్రీన్ షేరింగ్ యాప్. వేసి, అందులో కనిపించే అంకెలు వాడికి చెప్పారా, ఇక మీ ఫోన్‌లో మీరు చూసేదంతా వాడికీ కనిపిస్తుంది, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీతో సహా. ఇంకో రకంవాడు యూపీఐ తెరిపించి, ‘డబ్బులు మీకు పడాలంటే పిన్ కొట్టండి’ అంటాడు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి పోతున్నాయనే.

రెండు వేల రూపాయల రికార్డు వెనక్కిద్దామని వెళ్లి ఖాతా ఊడ్చుకుపోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్లు చదువు లేనివాళ్లేమీ కాదు, ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. కొన్న యాప్‌లోనే ఆర్డర్ పేజీ తెరిచి, అక్కడున్న రిటర్న్ బటన్ నొక్కండి, అక్కడే చాట్ చెయ్యండి. కొట్టులో కొంటే బిల్లు మీద ఉన్న నంబర్‌కి చెయ్యండి. ఇప్పటికే మోసపోయి ఉంటే నన్ను అడుగుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత ముందు చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు రాయండి. పెట్టె మీద నంబర్ అచ్చు వేయని కంపెనీలకు ఈ పాపంలో వాటా ఉందని నేనంటాను. కోపమొస్తే రానివ్వండి.

ప్రశ్న: కొత్త ఎల్పీలో మొదటి పాటలు అద్దంలా వస్తాయి. చివరి పాటకొచ్చేసరికి ‘స’, ‘శ’ దగ్గర బుస్సుమంటుంది. అన్ని రికార్డులకూ ఇంతే. – ఒక పాఠకురాలు, హనుమకొండ

మీరు చెవి పెట్టి విన్నారు, సంతోషం. ఇది సగం రికార్డు స్వభావం, సగం మీ ముల్లు. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఆ వేగం మారదు, కానీ చుట్టు చిన్నదవుతూ వస్తుంది. అంచు దగ్గర ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి పరిగెడితే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి 20 సెంటీమీటర్లకు కాస్త పైన. అదే పాటను సగం కంటే తక్కువ చోటులో ఇరికించాలి. ‘స’లో ఉండే సన్నని అలలు అక్కడ మరీ దగ్గరగా ఉంటాయి, గుండ్రటి మొన ఉన్న ముల్లు వాటి మధ్య దూరలేదు. ఒక వైపు పాతిక నిమిషాలు కుక్కిన రికార్డులైతే చెప్పక్కర్లేదు.

మీరు చేయగలిగింది ఉంది. ముల్లు మొన మీద బొచ్చు ఉందేమో ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి. కొత్త రికార్డే కదా అనుకుంటాం గానీ, లోపలి కాగితం కవరు పొట్టు మొదటిసారే ముల్లుకు చుట్టుకుంటుంది. తర్వాత కార్ట్రిడ్జ్ తల వంకరగా బిగించి ఉందేమో చూడాలి. దానికి ప్రొట్రాక్టర్ అనే గీతల కాగితం ఉంటుంది, ప్రింట్ తీసేటప్పుడు సైజు మారకుండా చూసుకోండి. ముల్లు లోపలికి లాగిపోకుండా ఆపే యాంటీ స్కేటింగ్ నాబ్‌ని బరువు ఎంత ఉందో అంతే పెట్టండి. ఇవన్నీ అయ్యాక మిగిలేదానికి మొన కోలగా ఉండే ఎలిప్టికల్ ముల్లు వేయించుకుంటే చాలావరకు తగ్గుతుంది.

సూట్‌కేసులా మూసి పట్టుకెళ్లే టర్న్‌టేబుల్ వాళ్లు ఈ జవాబు వదిలేయండి. వాటిలో చాలావాటికి బరువు సర్దే ఏర్పాటే ఉండదు. సిరామిక్ కార్ట్రిడ్జ్ నాలుగైదు గ్రాములు మోపుతుంది. పైగా బ్లూటూత్ ఒకటి. గాడిలోంచి తీసిన పాటను అంకెలుగా మార్చి, నలిపి, గాల్లో పంపాలంటే ఫోన్‌లోనే వినొచ్చుగా?

ప్రశ్న: కొత్త రికార్డు మీద ముల్లు జారుతోంది. టోన్ ఆర్మ్ మీద రూపాయి బిళ్ల పెట్టమని మా మామయ్య అన్నారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత 78 ప్లేట్లకు అలాగే చేసేవారట. – ఒక పాఠకుడు, గుంటూరు

పెట్టొద్దు. రూపాయి బిళ్ల మూడు గ్రాముల పైనే ఉంటుంది, మీ ముల్లు మోపాల్సిన మొత్తం బరువు కంటే ఎక్కువ. 78 ప్లేటు లక్కతో చేసిన గట్టి సరుకు, దాని గాడి వెడల్పు, దాని ముల్లు లావు. ఎల్పీకి ఆ లెక్కలు పనికిరావు. ఆర్మ్ వెనకున్న బరువు దిమ్మను తిప్పి సరిచేసుకోండి. మామయ్య దగ్గర ఆ ప్లేట్లు ఇంకా ఉంటే ఒకటి చెప్పండి, వాటిని స్పిరిట్‌తో తుడవొద్దని. లక్క కరిగిపోతుంది.