అత్తగారి గొడవ సరుకుల గురించి కాదు

ప్రశ్న: మా వీధి చివర పాతికేళ్ళకు పైగా నడిచిన సూపర్‌మార్కెట్ రెండు నెలల క్రితం మూసేశారు. బాగా పాతబడిపోయింది. సగం అరలు ఖాళీ, ఏసీ పనిచేసేది కాదు. మేం కూడా కొన్నాళ్ళుగా ఫోన్‌లోనే ఆర్డర్ పెట్టుకుంటున్నాం. మా అత్తగారు (74 ఏళ్ళు) మాత్రం రోజూ సాయంత్రం అక్కడికే వెళ్ళేవారు. మామగారు ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. షాపు మూసేసే సమయానికి ఆవిడ మా ఆడపడుచు ఇంట్లో ఉన్నారు. బాధపడతారని మేం చెప్పలేదు. తిరిగొచ్చిన రోజు సాయంత్రం సంచి పట్టుకుని వెళ్ళి, షట్టర్ చూసి వెనక్కి వచ్చేశారు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అప్పటి నుంచి నేను తెప్పించిన ప్రతి వస్తువుకీ వంక పెడుతున్నారు. డెలివరీ అబ్బాయి ముందే "నేను చెప్పింది ఇది కాదు" అని తిప్పి పంపేస్తున్నారు. కొత్తగా పెట్టిన పెద్ద స్టోర్‌కి తీసుకెళితే కాళ్ళ నొప్పులని కాసేపటికే వచ్చేశారు. పాత షాపు బిల్లులు కట్టలు కట్టి దాచారు, ఒక్కటి పారేయనివ్వరు. అక్కడి మెంబర్‌షిప్ కార్డు మామగారి పేరు మీదే ఉండేది. మీ పేరుకి మార్పించుకోండి అంటే ఏనాడూ వినలేదు. మావారు "షాపు మూస్తే ఇంత రాద్ధాంతమా, చాదస్తం" అని నవ్వేస్తారు. మాటలు పడేది నేను. మా పాప ఆ షాపు ట్రాలీలో కూర్చునే పెరిగింది, నాకూ బాధగానే ఉంది. కానీ కూర్చుని బాధపడే టైమ్ నాకెక్కడిది? అసలు ఆవిడకి నా మీద నమ్మకం లేదా? - ఒక కోడలు

జవాబు: మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. మీ మీద నమ్మకం లేక ఆవిడ ఇలా చేస్తున్నారని నాకు అనిపించడం లేదు. సరుకుల్లో లోపం ఉందనీ అనిపించడం లేదు. కోపం చూపించడానికి ఆవిడకి ఇంకెవరూ దొరకలేదు. మూతపడ్డ షాపుతో పోట్లాడలేరు, పోయిన భర్తతో పోట్లాడలేరు, నవ్వేసే కొడుకుతో పోట్లాడి లాభం లేదు. మిగిలింది మీరూ, గుమ్మం దగ్గర నిలబడ్డ డెలివరీ అబ్బాయీ.

మీరు విసుగ్గా రాసిన ఒక వాక్యం నన్ను పట్టుకుంది. అది కార్డు సంగతి. ఒకసారి ఆ బిల్లు కౌంటర్ దగ్గర ఏం జరిగేదో ఊహించుకోండి. నంబర్ చెప్పండమ్మా అంటారు. ఆవిడ మామగారి నంబర్ చెబుతారు. స్క్రీన్ మీద ఆయన పేరు వస్తుంది. కౌంటర్‌లో ఉన్నవాళ్ళు ఆ పేరు పైకి చదివి, అవునా అని అడుగుతారు. అవును అంటారు. బిల్లు మీద ఆ పేరు అచ్చవుతుంది. నాలుగేళ్ళుగా రోజూ సాయంత్రం ఇదే. ఇంట్లో ఆయన పేరెత్తితే అందరూ ఒక్క క్షణం ఆగి, ఆవిడ మొహం చూసి, మాట మార్చి ఉంటారు. ప్రేమతోనే చేస్తాం ఆ పని. కానీ ఆయన పేరు ఎవరూ జాలిపడకుండా, ఏ ఇబ్బందీ లేకుండా, మామూలుగా పలికిన చోటు ఆ కౌంటరే అయి ఉండొచ్చు. కార్డు మార్పించుకోకపోవడంలో మొండితనం నాకు కనిపించడం లేదు.

ఇది నా ఊహ. ఆవిడని అడిగితేనే తెలుస్తుంది. అడిగేటప్పుడు "ఎందుకు బాధపడుతున్నారు" అని అడగకండి, దానికి "నాకేం బాధ" అనే జవాబే వస్తుంది. "మామయ్యగారూ మీరూ మొదటిసారి ఆ షాపుకి ఎప్పుడు వెళ్ళారు?" అని అడిగి, పక్కన కూర్చోండి. ఎవరు ట్రాలీ తోసేవారు, ఎవరు లిస్టు మర్చిపోయేవారు, ఏ వస్తువు దగ్గర ఇద్దరూ కీచులాడుకునేవారు... వాటంతటవే వస్తాయి.

మనిషి పోతే పదిమంది పలకరిస్తారు. షాపు పోతే ఎవరూ పలకరించరు, పైగా నవ్వుతారు. లోకం దుఃఖమని ఒప్పుకోని ఇలాంటి దుఃఖాల గురించి అమెరికాకు చెందిన కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే వివరంగా రాశారు. పెంపుడు జంతువు పోవడం, విడాకులైన భర్త చనిపోవడం, గర్భం పోవడం లాంటివి ఆయన దృష్టిలో ఉన్నవి. చుట్టూ ఉన్నవాళ్ళు గుర్తించకపోతే ఆ దుఃఖం తగ్గదు, చెప్పుకునే దారి లేక వేరే రూపంలో బయటికొస్తుంది. మీ ఇంట్లో అది సబ్బు బ్రాండు మీద గొడవగా వస్తోంది. షాపు మూసేస్తున్న సంగతి మీరందరూ మంచి ఉద్దేశంతోనే దాచారు, కాదనను. కానీ దానివల్ల ఆవిడకి చివరిసారి వెళ్ళి నలుగురికీ వెళ్ళొస్తానని చెప్పే అవకాశం పోయింది. ఆ మాట మీరే ముందు ఎత్తండి. "చెప్పకుండా ఉండాల్సింది కాదు అత్తయ్యా" అనండి చాలు. వివరణలు వద్దు.

ఇక తిప్పి పంపే విషయం. దీనికి ఇంకో కోణం ఉంది. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన ఒక షాపు తెరిచే దాకా, కొనేవాళ్ళు కౌంటర్ అవతల నిలబడి అడగడం, లోపలి మనిషి తీసి ఇవ్వడమే పద్ధతి. ఆయన మనిషికో బుట్ట ఇచ్చి లోపలికి పంపించాడు, నచ్చింది మీరే తీసుకోండి అన్నాడు. సూపర్‌మార్కెట్లన్నీ ఆ దారిలో వచ్చినవే. మీ అత్తగారికి పాతికేళ్ళుగా ఉన్న స్వాతంత్ర్యం అదే: డబ్బా తిప్పి తారీఖు చూడటం, వెనక వరసలోంచి తీయడం, రెండూ పక్కపక్కన పెట్టి ఒకటి వదిలేయడం. ఇప్పుడు ఎవరో కనపడని మనిషి ఎక్కడో గోడౌన్‌లో తీసి పంపిస్తున్నాడు. మనకి అది సౌకర్యం. ఆవిడకి చేతిలోని పని లాగేసుకున్నట్టు ఉంటుంది. ఇంట్లో వంట, పిల్లలు, లెక్కలు మెల్లమెల్లగా మీ చేతికి వచ్చి ఉంటాయి. ఏది కొనాలో తేల్చే అధికారం ఒక్కటి మిగిలింది. దాన్ని వాడుకునే మార్గం ఇప్పుడు తిప్పి పంపడం ఒక్కటే.

కాబట్టి నా సలహాలో ముఖ్యమైన మాట ఇదే. ఆవిడకి సరుకులు తెచ్చి ఇవ్వకండి, సరుకులు తెచ్చే పని ఇవ్వండి. అన్నీ వద్దు. ఇంటికి కావాల్సిన వాటిలో ఒక రకం, సబ్బులూ శుభ్రం చేసే సామానూ అనుకోండి, పూర్తిగా ఆవిడ ఖాతా. మీరు ఆర్డర్ పెట్టరు. అయిపోతే అయిపోయిందని చెబుతారు, ఆవిడ తెస్తారు. ఆవిడ తెచ్చింది మీకు నచ్చకపోయినా వాడతారు (ఇది కాస్త కష్టమే, తెలుసు). దగ్గర్లో చిన్న కిరాణా కొట్టు ఉన్నా చాలు. "సాయంత్రం కాస్త అలా నడిచి రండి, ఒంటికి మంచిది" అంటే పెద్దవాళ్ళు కదలరు, వాళ్ళకి ఊరికే బయటికి వెళ్ళడం తెలియదు. పని ఉందంటే చెప్పులేసుకుంటారు. ఆ షాపు ఆవిడకి రోజూ ఇచ్చింది ఆ సాకే.

ఆ సాకుతో పాటు నాలుగు మాటలు దొరికేవి. స్నేహితులు కాని, పేర్లు కూడా సరిగా తెలియని మనుషులతో ఆడే ఆ మాటలకి మనం విలువ ఇవ్వం. కానీ 2014లో గిలియన్ శాండ్‌స్ట్రమ్, ఎలిజబెత్ డన్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. రద్దీగా ఉన్న కాఫీ షాపులోకి వెళ్ళే కొందరిని, కౌంటర్‌లో మనిషితో నవ్వి కాసేపు మాట్లాడమన్నారు. మిగతావాళ్ళని త్వరగా పని ముగించుకు రమ్మన్నారు. మాట్లాడి వచ్చినవాళ్ళే ఎక్కువ ఉత్సాహంగా ఉన్నారు. నెదర్లాండ్స్‌లో జంబో అనే సూపర్‌మార్కెట్ సంస్థ 2019లో తొందర లేని కస్టమర్ల కోసం విడిగా ఒక కబుర్ల కౌంటర్ పెట్టింది. ఒంటరి పెద్దవాళ్ళు నిలబడి మాట్లాడుకోవచ్చు, వెనకనుంచి ఎవరూ తోయరు. మీ పాత షాపులో అలాంటి బోర్డు లేకుండానే ఆ కౌంటర్ ఉండేదనుకోండి.

అందుకని ఒక చిన్న పని చేయండి. అక్కడ ఆవిడతో బాగా మాట్లాడే అబ్బాయో అమ్మాయో ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో కనుక్కోండి. షాపు మూసినప్పుడు వాళ్ళ ఉద్యోగాలూ పోయాయి, అది మనం సాధారణంగా మర్చిపోతాం. చాలామంది మళ్ళీ ఇలాంటి షాపుల్లోనే చేరతారు. దగ్గర్లోనే ఉంటే మీ అత్తగారి కొత్త షాపు ఏదో దానంతటదే తేలిపోతుంది. దూరంగా ఉంటే ఫోన్ కలిపి మాట్లాడించండి.

పెద్ద స్టోర్‌కి మళ్ళీ తీసుకెళ్ళాలనుకుంటే సెలవు రోజు సాయంత్రం వద్దు. మామూలు రోజు, షాపు తెరిచిన కాసేపటికి వెళ్ళండి. మూడు వస్తువులు, అంతే. మొత్తం చూపించాలనుకోకండి. పాత షాపులో ఏది ఏ వరసలో ఉందో ఆవిడ కాళ్ళకే తెలుసు, అక్షరాలు చదవాల్సిన పని కూడా ఉండేది కాదు. ఇక్కడ ప్రతి బోర్డూ తలెత్తి చదవాలి, కూర్చోవడానికి చోటు ఉండదు, మనిషి లేకుండా మనమే స్కాన్ చేసుకునే మెషిన్ ముందు నిలబడితే వెనక క్యూ చూసి టెన్షన్. కాళ్ళ నొప్పులు నిజమే కావచ్చు, కంగారుపడ్డానని చెప్పుకోలేక అన్న మాటా కావచ్చు. ఎప్పుడు వెళ్ళినా ఒకే కౌంటర్‌కి, వీలైతే ఒకే మనిషి దగ్గరికి వెళ్ళండి. రెండు మూడు సార్లయ్యాక మీరు గేటు దగ్గరే ఆగిపోయి ఆవిడని లోపలికి పంపించండి.

బిల్లుల జోలికి వెళ్ళకండి. పైగా కాపాడండి, ఎందుకంటే అవి వాటంతటవే చెరిగిపోతున్నాయి. ఆ కాగితం మీద సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే పూత ఉంటుంది. ఎండకీ, వేడికీ, ఏళ్ళు గడిచేకొద్దీ అక్షరాలు వెలిసిపోతాయి. లామినేషన్ మాత్రం చేయించకండి, ఆ వేడికి కాగితం అంతా నల్లగా అయిపోతుంది. కొన్ని రకాల ప్లాస్టిక్ కవర్లు కూడా అక్షరాల్ని తినేస్తాయి. ఆవిడతో కూర్చుని, ముఖ్యమైనవి ఏవో ఆవిడనే ఎంచమని, జెరాక్స్ తీయించండి లేదా ఫోన్‌లో ఫొటో తీసి ప్రింట్ వేయించండి. మామగారి పేరు స్పష్టంగా ఉన్న బిల్లు ఒకటైనా దొరుకుతుంది. ఈ పని మీ పాపకి అప్పగిస్తే ఇంకా మంచిది. ట్రాలీలో కూర్చున్నప్పటి కబుర్లు మనవరాలికి చెప్పడంలో ఆవిడకి మొహమాటం ఉండదు.

మీ వారి గురించి రెండు మాటలు. ఆయన నవ్వేయడం నాకు నచ్చలేదు. మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఆ బిల్లుల మీద ఉన్నది ఆయన నాన్నగారి పేరు. నాన్న పోయినప్పుడు ఆయన ఎంత ఏడ్చారో, ఎంత మింగేశారో నాకు తెలియదు. చాలామంది మగవాళ్ళు ఇలాంటి చోట జోకులు వేస్తారు. ఈ ఉత్తరం ఆయనకి చూపించండి. గొడవ పెట్టుకోనక్కర్లేదు. తిప్పి పంపిన వస్తువుల సంగతి ఇక నుంచి ఆయనే చూసుకోవాలని, అత్తయ్యతో ఆ మాట ఆయనే మాట్లాడాలని తేల్చి చెప్పండి. అమ్మ కోపం కొడుకు వినాలి. ప్రతిసారీ కోడలు మధ్యలో నిలబడితే అది మామూలు అత్తాకోడళ్ళ తగువుగా మారిపోతుంది, అసలు విషయం ఎవరికీ కనపడదు.

మీకు కూడా ఆ షాపు ఉండేది కదా. "బాధపడే టైమ్ నాకెక్కడిది" అని రాశారు. ఈ ఇంట్లో ఆ షాపు పోయినందుకు నిజంగా బాధపడ్డవాళ్ళు ఇద్దరు, మీరూ మీ అత్తగారూ. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. మీ పాప ట్రాలీలో కూర్చున్న ఫొటో ఒక్కటైనా ఉంటుంది, తీసి చూపించండి. ఆవిడ వంక పెట్టకుండా వినే మాట అదే అవుతుందని నా నమ్మకం. మీరు ఆ కాసేపూ మంచి కోడలిగా ఉండనక్కర్లేదు, మీకు గుర్తున్నది మీరూ చెప్పండి.

ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. రెండు నెలలైంది కాబట్టి గమనించండి. రెండు వారాలకు మించి దాదాపు రోజూ నిద్ర, తిండి తగ్గడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఇక నేనెందుకు బతకడం లాంటి మాటలు ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించాలి. బతకడం ఎందుకన్న మాట ఒక్కసారి విన్నా రెండు వారాలు ఆగకండి. ఇంకోటి, అలవాటైన షాపు మతిమరుపును కొంతకాలం కప్పిపెడుతుంది. అన్నీ కాళ్ళకి అలవాటే కాబట్టి లోపం బయటపడదు. తెలిసిన దారిలోనే తికమకపడటం, డబ్బు లెక్కల్లో కొత్తగా పొరపాట్లు చేయడం, తను చెప్పిన వస్తువునే చెప్పలేదనడం తరచుగా కనిపిస్తే జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. "నేను చెప్పింది ఇది కాదు" అంటున్నారు కదా, వారం రోజులు ఆవిడ చెప్పిన లిస్టు ఆవిడ చేతే రాయించి పెట్టండి. నిజంగా తప్పు వస్తువు వస్తోందా, ఆవిడ మర్చిపోతున్నారా, కావాలనే అంటున్నారా అన్నది దాంతో తెలుస్తుంది. ఆ లిస్టు మాత్రం ఆవిడ ముందు పెట్టి వాదించకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే అది మీకు పనికొస్తుంది.