అమ్మకు అరవై రెండు

“మా బాబుకు 16 ఏళ్లు. ఆటిజం. ఒక్క స్నేహితుడూ లేడు, నలుగురిలో మెలగడం రాదు. వేసవిలో నెల రోజుల శిబిరానికి చెన్నై పంపమంటున్నారు. పంపమంటారా? నాకు ఎనిమిదేళ్లుగా షుగర్. మావారికి రొయ్యల గుంటల పనితో తీరిక ఉండదు.”
– ఒక తల్లి, కావలి

అమ్మా, శిబిరం సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. ఇప్పుడు వద్దు. మైకు మోగితే చెవులు మూసుకునే పిల్లవాడిని ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య నెల రోజులు వదిలేస్తే, తిరిగొచ్చాక గది దాటి రాడు.

మీ నాలుగు పేజీల ఉత్తరంలో మీవారు కనిపించింది రెండే చోట్ల. ఒకటి, తీరిక లేదన్న వాక్యం. రెండోది మీ మరిది గృహప్రవేశం. “చూసేవాళ్లకు బాగుండదు, పైగదిలో కూర్చోబెట్టు” అన్నారట. పొద్దున షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకున్న మీరు మధ్యాహ్నం రెండింటి దాకా వాడి పక్కనే, తిండి లేకుండా ఉండిపోయారు. మీకు చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే వాడే సంచిలోంచి షుగర్ మిషన్ తీసి మీ వేలు గుచ్చాడు. ఆ తర్వాత రెండు చెవులూ మూసుకుని, మైకు హోరెత్తుతున్న పందిట్లోకి దిగి, బంతిలో వడ్డిస్తున్న నాన్న ముందు నిలబడి “అమ్మకు అరవై రెండు” అన్నాడు. మూడుసార్లు. మీవారు చుట్టూ చూసి “పైకి వెళ్లు” అన్నారు. లడ్డు తెచ్చింది మీ తోటికోడలు.

ఇదంతా రాసిన చేత్తోనే, వాడికి నలుగురిలో మెలగడం రాదని ఎలా రాశారమ్మా? ఆ పూట ఆ పందిట్లో మెలగడం రానిదెవరికో మీకూ తెలుసు.

గుంటల పని నాకు కొత్తేమీ కాదు. మా బంధువుల్లో సగం మంది అందులోనే ఉన్నారు. నీటి పీహెచ్, ఉప్పుశాతం చూసి పుస్తకంలో ఎక్కించాలి. మేత వేసిన గంటకో రెండు గంటలకో చెక్ ట్రే పైకెత్తి రొయ్య ఎంత తిన్నదో చూడాలి. రొయ్య మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి, భార్య షుగర్ ఎంతో ఎనిమిదేళ్లలో ఒక్కసారీ అడగలేదు. కొడుకు వచ్చి అంకెతో సహా చెబితే తల తిప్పుకున్నారు. దీన్ని తీరిక లేకపోవడం అనరు. అది కొడుకంటే సిగ్గు. దానికి మీరు ‘పని’ అని పేరు పెట్టి ఇన్నేళ్లూ కాపాడుకొచ్చారు. దివ్యాంగ ధ్రువపత్రం కూడా ‘ముద్ర పడుతుంది’ అని ఆయనే ఆపించారట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది. వాడికి 18 నిండకముందే ఆ కాగితం చేతికి రావాలి. ఆయన ఒప్పుకోకపోతే మీరే వెళ్లండి.

స్నేహాల మాటకొస్తే, వాడిని వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు వాళ్ల నాన్న గుంటల దగ్గరికి తీసుకెళ్లాలి. మీరు కాదు, ఆయన. నీటికి గాలి అందించే హోరు యంత్రాలు, ఏరియేటర్లు, సాధారణంగా ఆపి ఉంచే మధ్యాహ్నం పూట మంచిది. అక్కడ ఏముంటుందో, ఎంతసేపు ఉంటారో ముందుగానే చెప్పాలి. వాడు వెళ్దామంటే వచ్చేయాలి. ప్రతి ఆదివారం మీ షుగర్ అంకె క్యాలెండర్‌లో రాసే పిల్లవాడికి ఆ గుంటల లెక్కల పుస్తకం అప్పగిస్తే ఇష్టంగా రాస్తాడు. మేత వేసే కుర్రవాడు పక్కనే ఉంటాడు కదా, ట్రే ఎత్తుతూ వాడు, రాసుకుంటూ మీవాడు. ఇటువంటి పిల్లల్లో చాలామందికి ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పడం కన్నా పక్కపక్కన పని చేయడం సులువు.

ఇక మీ షుగర్. ఆదివారం పరగడుపున చూసుకుంటే సరిపోదు. భోజనమైన రెండు గంటలకూ చూడండి. సాధారణంగా 180 లోపు ఉండాలంటారు. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష చేయించండి. 70 కన్నా తగ్గితే లడ్డు పెట్టకూడదు. నెయ్యి ఉన్న తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకుని, అప్పుడు అన్నం తినండి. 62కి పడిన సంగతి డాక్టరుకు చెప్పారా? మాత్ర మోతాదు మార్చాల్సి రావచ్చు. పందిట్లో ఎవరేమనుకున్నా సరే, మాత్ర వేసుకున్నాక వేళకు తినండి. ఇందులో మొహమాటమేమిటి?

మిషన్ సంచి ఇకపై వాడి భుజాన వేయకండి. అది మీవారు మోయాలి. వచ్చే ఆదివారం వాడు క్యాలెండర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన్ను పక్కన నిలబెట్టండి. ఎంత వచ్చిందని ఆయనే వాడిని అడగాలి.