విమానాల రద్దీని సర్దే ఉద్యోగం: కంట్రోలర్ కుర్చీ ఒక్కటే దారి కాదు

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. గణితం, ప్రోగ్రామింగ్ రెండూ ఇష్టం. ఏ గంటలో ఎన్ని విమానాలు వస్తాయో ముందే లెక్కేసి రద్దీని సర్దే ఉద్యోగాలు ఉంటాయని విన్నాను. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కాకుండానే ఇందులోకి రావచ్చా? కొన్నేళ్లలో ఈ పనంతా కంప్యూటర్లే చేసేస్తాయని స్నేహితులు అంటుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: రావచ్చు. మీరు అడిగిన పనిని ఎయిర్ ట్రాఫిక్ ఫ్లో మేనేజ్‌మెంట్ అంటారు. రన్‌వేల మీద, ఆకాశంలో ఎన్ని విమానాలకు చోటుందో, ఎన్ని రాబోతున్నాయో గంటల ముందే పోల్చి చూసి, రెండింటికీ పొంతన కుదరని చోట సర్దాలి. యూరప్‌లో దీన్ని యూరోకంట్రోల్ సంస్థ బ్రసెల్స్ నుంచి నడుపుతుంది. అమెరికాలో పౌర విమానయానాన్ని చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏకి వర్జీనియా రాష్ట్రంలోని వారెంటన్‌లో ఇందుకోసమే ఒక కేంద్రం ఉంది.

వినడానికి కూడికలు, తీసివేతల పనిలా ఉంటుంది. చిక్కేమిటంటే, ఇక్కడ రెండు అంకెలూ కదులుతూనే ఉంటాయి.

ముందు సామర్థ్యం సంగతి చూడండి. రన్‌వే మీద గంటకు ఇన్ని అని కాగితం మీద రాసి ఉంటుంది. కానీ పెద్ద విమానం తన వెనక గాలిలో సుడులు రేపుతుంది కాబట్టి, దాని వెనక చిన్న విమానం వస్తుంటే ఎక్కువ ఎడం ఇవ్వాలి. అంటే ఏ రకం విమానాలు ఏ వరుసలో వస్తున్నాయన్న దాన్ని బట్టే ఆ అంకె మారిపోతుంది. ఎదురుగాలి బలంగా ఉంటే విమానాలు రన్‌వే వైపు నెమ్మదిగా కదులుతాయి. ఎడాన్ని దూరంలో కొలిచినంత కాలం ఆ రోజుల్లో దిగే విమానాల సంఖ్య పడిపోయేది. అయితే అదే గాలి సుడులను త్వరగా చెదరగొడుతుంది కూడా. దీన్ని ఆధారం చేసుకుని లండన్ హీత్రోలో 2015 నుంచి దూరానికి బదులు సమయంలో ఎడం కొలుస్తున్నారు. కొత్త రన్‌వే కట్టకుండానే, గాలి రోజుల్లో పోయే సామర్థ్యంలో చాలా భాగం తిరిగి దక్కింది. పాత లెక్కను కొత్తగా చూడగలిగినవాళ్లకు ఈ రంగంలో ఎంత పని ఉందో దీన్నిబట్టి ఊహించుకోండి.

ఆకాశంలో లెక్క వేరు. అక్కడ అసలు హద్దు చోటు కాదు, ఒక సెక్టార్‌ను, అంటే తనకు అప్పగించిన ఆకాశ భాగాన్ని, చూస్తున్న కంట్రోలర్ ఒకేసారి ఎన్ని విమానాలను మనసులో పెట్టుకోగలరన్నది. రద్దీ పెరిగితే సెక్టార్‌ను రెండుగా చీల్చి ఇద్దరికి ఇస్తారు. కానీ చీల్చేకొద్దీ విమానాలను ఒకరి నుంచి ఒకరికి అప్పగించే పని పెరుగుతుంది. ఒక దశ దాటాక చీల్చినా ఉపయోగం ఉండదు.

ఇక డిమాండ్. అది సామర్థ్యానికి దగ్గరపడేకొద్దీ ఆలస్యం మెల్లగా పెరగదు, నిటారుగా లేస్తుంది. ప్రతి స్లాట్‌నూ (విమానం దిగడానికో, ఎగరడానికో కేటాయించిన సమయాన్ని) నింపేయడమే సమర్థత అనే మాట మీకూ వినిపిస్తుంది. నా దృష్టిలో అది తప్పు. కాస్త వెసులుబాటు ఉంచకపోతే పొద్దున జరిగిన చిన్న ఆలస్యం సాయంత్రం దాకా పాకుతుంది. ఎందుకంటే అదే విమానం, అదే సిబ్బంది తర్వాతి ప్రయాణాలకూ వెళ్లాలి.

దిగే చోట ఇబ్బంది ఉందని ముందే తెలిస్తే విమానాన్ని గాల్లో చక్కర్లు కొట్టించే బదులు బయలుదేరే చోటే ఆపుతారు. ఇంధనం మిగులుతుంది, కంట్రోలర్ల మీద భారం తగ్గుతుంది. యూరప్‌లో ఇలా ఇచ్చిన టేకాఫ్ సమయానికి 5 నిమిషాల ముందు నుంచి 10 నిమిషాల తర్వాత వరకే గడువు.

మీరు గణితం వైపు నుంచి వస్తున్నారు కాబట్టి ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. అమెరికాలో 1990ల్లో ఇలా విమానాలను నేల మీద ఆపేటప్పుడు ఒక వింత జరిగేది. ఫలానా విమానం రద్దయిందనో, ఆలస్యమవుతోందనో ఎయిర్‌లైన్ నిజాయితీగా ముందే చెబితే నష్టం దానికే. స్లాట్ ఇంకొకరికి పోయేది, లేదా ఆలస్యమైన విమానానికి మరో ఆలస్యం తోడయ్యేది. దాంతో కంపెనీలు చెప్పడం మానేశాయి. దిగడానికి ఉంచిన సమయాలు ఎవరికీ కాకుండా వృథా అయ్యేవి. అప్పుడు నియమం మార్చారు. మొదటి టైమ్‌టేబుల్ ప్రకారమే స్లాట్లు పంచి, రద్దు చేసిన విమానం స్లాట్‌ను ఆ కంపెనీ తన మరో విమానానికి వాడుకోనిచ్చారు. 1998లో ఇది ప్రయోగాత్మకంగా అమలైంది. దాచిపెట్టే అవసరం పోయింది కాబట్టి సమాచారం రావడం మొదలైంది. రన్‌వే అదే, విమానాలు అవే. మారింది నియమం ఒక్కటే. అందుకే ఆప్టిమైజేషన్‌తో పాటు, ఎవరి లాభం వాళ్లు చూసుకునే చోట ఎవరెలా నడుచుకుంటారో లెక్కగట్టే గేమ్ థియరీ కూడా చదవమని మీకు గట్టిగా చెబుతున్నాను. మనుషులు నిజం చెప్పడానికి ఇష్టపడని పద్ధతిలో ఎంత మంచి అల్గారిథమ్ పెట్టినా పని జరగదు.

ఉద్యోగాల విషయానికి వస్తే, ఫ్లో మేనేజ్‌మెంట్ గదిలో కూర్చుని నిర్ణయాలు తీసుకునేవారిలో ఎక్కువమంది కంట్రోలర్లుగా అనుభవం ఉన్నవాళ్లే. అది మీకు నిరాశ కలిగించవచ్చు కానీ దానికి కారణం ఉంది. ఒక సెక్టార్ ఎప్పుడు చేయి దాటిపోతుందో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే ముందుగా తెలుస్తుంది. బయటి నుంచి వచ్చేవారికి ఎయిర్‌లైన్ల ఆపరేషన్స్ కంట్రోల్ సెంటర్లు, విమానాశ్రయాల స్లాట్ సమన్వయ విభాగాలు, ఈ సాఫ్ట్‌వేర్ తయారు చేసే సంస్థలు, పరిశోధన కేంద్రాలు ఉన్నాయి. ఈ సమస్యను గణిత రూపంలో పెట్టిన తొలి పరిశోధకుల్లో ఎంఐటీ ప్రొఫెసర్ అమెడియో ఒడోనీ ఒకరు. ఆయన 1987 నాటి వ్యాసంతో ఈ శాఖ ఒక రూపానికి వచ్చింది. మీరు పీజీ చేయాలనుకుంటే ఆపరేషన్స్ రీసెర్చ్ తీసుకోండి. సంభావ్యత, క్యూయింగ్ థియరీ, ఇంటిజర్ ప్రోగ్రామింగ్, సిమ్యులేషన్ బాగా రావాలి. పైథాన్ ఎలాగూ వస్తుంది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును ఈ దిశలోనే చేయండి. విమానాల కదలికల సమాచారాన్ని ఓపెన్‌స్కై నెట్‌వర్క్ పరిశోధనకు ఇస్తుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ వాళ్ల బ్లూస్కై సిమ్యులేటర్ ఉచితంగా దొరుకుతుంది. ఒక్క విమానాశ్రయం తీసుకుని, గాలి దిశ, వేగం మారినప్పుడల్లా గంటకు నిజంగా ఎన్ని దిగాయో గీసి చూడండి. ఇంటర్వ్యూలో నాలుగు సర్టిఫికెట్ల కన్నా ఆ ఒక్క గ్రాఫ్ మీ తరఫున ఎక్కువ మాట్లాడుతుంది.

మీ స్నేహితుల మాటలో సగం నిజం. లెక్కలు కంప్యూటర్లు చేయడం ఎప్పుడో మొదలైంది, కేవలం లెక్కలు వేసే పోస్టులు తగ్గుతాయి కూడా. కానీ సాయంత్రం 4కి ఉరుములు రావచ్చు, రాకపోవచ్చు అని వాతావరణ శాఖ చెప్పినప్పుడు ఏం చేయాలి? మధ్యాహ్నమే విమానాలను ఆపేస్తే, ఉరుములు రాకపోతే సామర్థ్యం అనవసరంగా పోతుంది. ఆపకపోతే గాల్లో వరుసలు కడతాయి, కొన్ని వేరే ఊళ్లకు మళ్లాల్సి వస్తుంది. ఈ రెండు నష్టాల్లో ఏది భరించాలో ఎయిర్‌లైన్లు, విమానాశ్రయం, కంట్రోల్ సెంటర్లు కలిసి మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఆ నిర్ణయానికి ఎవరో ఒకరు జవాబుదారీగా ఉండాలి. ఆ స్థానానికి మనిషి అవసరం ఇప్పట్లో తీరదు.

చివరిగా, కంట్రోలర్ పని మీద కొంచెమైనా మనసుంటే ముందు దానికే ప్రయత్నించండి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నిబంధనల ప్రకారం లైసెన్సుకు కనీసం 21 ఏళ్లు, క్లాస్ 3 వైద్య పరీక్ష, రేడియో సంభాషణకు ఇంగ్లిష్‌లో కనీసం లెవెల్ 4 ఉండాలి. అసలు గమనించాల్సింది గరిష్ఠ వయోపరిమితి. అమెరికాలో కొత్తగా చేరేవాళ్లకు 31 ఏళ్లు నిండకూడదు. మీరు దరఖాస్తు చేసే చోట ఎంత ఉందో ఇప్పుడే చూసుకోండి. విశ్లేషణ ఉద్యోగాలకు 35 ఏళ్ల వయసులోనూ వెళ్లవచ్చు, కంట్రోలర్ శిక్షణకు అప్పుడు వెళ్లడం కష్టం.