కుక్క మెడలో వైరు ఉందేమో ముందు చూడండి

సందేహం: మాది మంచిర్యాల జిల్లా జన్నారం మండలంలో అడవి పక్క ఊరు. రెండెకరాల మొక్కజొన్న కంకి మీద ఉంది. పందుల కాపలాకు నాటు కుక్కను పెంచుతున్నాం. మూడేళ్లది, 18 కిలోలు ఉంటుంది. మూడు రాత్రులు కనబడకుండా పోయి తిరిగొచ్చింది. తలంతా వాచింది, మెడ దగ్గర వాసన వస్తోంది. పాము కరిచిందనుకుని మందుల షాపులో చెబితే డైక్లోఫెనాక్ 50 మి.గ్రా. గోళీలు ఇచ్చారు. పూటకొకటి చొప్పున రెండు రోజులు వేశాం. వాపు తగ్గలేదు. ఇది వేట సీజన్ కాబట్టి చీకట్లో అడవి జంతువనుకుని ఎవరైనా కాలుస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. మెడకు మెరిసే పట్టీ ఏ రంగుది కట్టాలి?

జవాబు: పట్టీ సంగతి తర్వాత. ముందు కుక్కను వెలుతురులో కూర్చోబెట్టి, మెడ చుట్టూ వెంట్రుకలు పాయలు తీసి చూడండి. మీరు రాసినవి పాము కాటు లక్షణాలు కావు. రక్తపింజర కాటేస్తే పన్ను దిగిన చోట వాపు మొదలై గంటల్లోనే చుట్టూ పాకుతుంది. తలంతా సమంగా ఉబ్బి, మెడ చుట్టూ వాసన కొడుతోందంటే నూటికి తొంభై పాళ్లు ఉచ్చు బిగిసి ఉంది. పందుల కోసం బైకు క్లచ్ వైరుతో పెడతారే, ఆ ఉచ్చే. కుక్క పెనుగులాడి వైరు తెంపుకుని వచ్చింది, ముడి మాత్రం మెడకే ఉండిపోయింది. రెండు మూడు రోజుల్లో అది చర్మంలోకి దిగుతుంది, పైన వెంట్రుకలు కప్పేస్తాయి. నిరుడు ఒక కుక్కకు పసుపు, బొగ్గుమసి దట్టంగా పట్టించి నా దగ్గరికి తెచ్చారు. కడుగుతుంటే చీములోంచి వైరు పోగు ఒకటి పురికొస చివరలా పైకి లేచింది. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ చూడలేదు.

వైరు కనిపిస్తే లాగొద్దు. గొంతు వైపు కాకుండా మెడ పైభాగాన, వైరు కిందికి చెంచా కాడ దూర్చి, కటింగ్ ప్లయర్‌తో కత్తిరించండి. బాగా లోపలికి దిగి ఉంటే మీరు ముట్టుకోవద్దు. మత్తు ఇచ్చి తీయాలి, అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. తల వాచిన కుక్కకు మూతి కట్టకూడదు, ఊపిరి ఆడదు. గాయాన్ని అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపి కడగండి. తర్వాత గాయాలకు వాడే 5 శాతం పోవిడోన్ అయోడిన్ మందు ఒక వంతుకు పది వంతులు నీళ్లు కలిపి రోజుకు రెండుసార్లు పోయాలి. ఫినాయిల్, కిరోసిన్ వద్దు. ఈగలు వాలకుండా గాయం చుట్టూ (లోపల కాదు) వేపనూనె రాయొచ్చు. డాక్టర్ చూశాక అమాక్సిసిలిన్-క్లావులనేట్ (యాంటీబయాటిక్) 375 మి.గ్రా. మాత్ర 12 గంటలకొకటి, 7 రోజులు అన్నంలో పెట్టి ఇవ్వాలి. మింగలేకపోతే నాలుగైదు రోజులు గంజి, మజ్జిగన్నం చాలు.

ఇక ఆ గోళీలు. మనుషుల నొప్పి మాత్రలు కుక్కకు వేయమని చెప్పిన షాపతను కుక్కను చూశాడా? దాని బరువు అడిగాడా? డైక్లోఫెనాక్ కుక్కకు కడుపులో పుండ్లు చేస్తుంది, కిడ్నీలు పాడుచేస్తుంది. ఐబుప్రోఫెన్ కూడా అంతే. ఈ మందు వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లోనే నిషేధించారు, అయినా కౌంటర్ మీద చెయ్యి చాపితే చాలు, ఇస్తూనే ఉన్నారు. వెంటనే ఆపండి. కడుపులో యాసిడ్ తగ్గించే ఓమిప్రజోల్ 20 మి.గ్రా. పొద్దున పరగడుపున ఒకటి, 5 రోజులు ఇవ్వండి. వాంతులు, తారులాంటి నల్లని విరేచనం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. నాలుగు గోళీలు వేసిన సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి, తెలియక ఆయన మెలాక్సికామ్ (ఇదీ నొప్పి మందే) ఇస్తే రెండూ కలిసి ఇంకా చెరుపు చేస్తాయి.

'వేట సీజన్' అని రాశారు. 1972 వన్యప్రాణి చట్టాన్ని 1991లో సవరించాక మన దేశంలో వేటకు సీజన్ లేదు. ఉచ్చు పన్నడం, ఎర పెట్టడం, తరమడం అన్నీ ఆ చట్టం కింద వేటే. మీరు ఈ కుక్కను పందుల మీదికి వదులుతుంటే అది కూడా అంతే. మీరు రాయలేదు, కానీ అడగక తప్పదు. ఒంటి మీద చిన్న చీలికలు ఉంటే కూడా డాక్టర్‌కు చూపించండి. పంది కోర దిగితే పైకి వేలెడు గాటు, లోపల గుప్పెడు సంచిలా గాయం ఉంటుంది.

వేటకు అనుమతి ఉన్న దేశాల్లో కుక్కలకు నారింజ రంగు కోటు తొడుగుతారు, పగలు బాగా కనబడుతుంది. రాత్రి ఆ రంగు బూడిద రంగులోకి దిగిపోతుంది. లైటు వేస్తే కుక్క కళ్లు కూడా అడవి జంతువు కళ్లలాగే మెరుస్తాయి, గురిపెట్టేవాడికి తేడా తెలియదు. కాబట్టి రంగు కన్నా వెండిరంగు రిఫ్లెక్టివ్ టేపు ముఖ్యం. రెండంగుళాల వెడల్పు టేపు గుడ్డ పట్టీ మీద కుట్టి, ఒక చిరుగంట కట్టండి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పొదకు చిక్కితే తెగిపోయేలా పలుచని దారంతో కుట్టండి, తోలు బెల్టు వద్దు.

కానీ పట్టీని చూసి ఆగేది మనిషి. ఉచ్చుకు, కరెంటు తీగకు, కొవ్వు చుట్టిన నాటు బాంబుకు కళ్లుండవు. కంకి ఎండేదాకా రాత్రి కుక్కను మంచె కింద కట్టేయండి. మొరిగితే చాలు, మీరు లేచి డబ్బా కొట్టుకోవచ్చు. తల వాపు పూర్తిగా తగ్గాక, పగలు గట్ల వెంట తిప్పేటప్పుడు ఆ బాంబు కొరకకుండా ఎద్దుకు వేసినట్టే మూతికి చిక్కం వేయండి, నాలుక చాపి రొప్పేంత వదులుగా ఉండాలి. ఎక్కడైనా కుక్క పడిపోయి ఉంటే చేత్తో ముట్టుకోకండి, తీగలో కరెంటు ఉండొచ్చు. ముందు కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేయండి.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది, ఇంత రాసి మీరు రేబిస్ టీకా మాట ఎత్తకపోవడం. అడవిలో మూడు రాత్రులు తిరిగిన కుక్కను నక్క కరిచిందో, ఊర కుక్క కరిచిందో మీకు తెలియదు. నొప్పితో ఉన్న కుక్క మెడలో వైరు తీసేది మీ చేయి. టీకా లేకపోతే డాక్టర్‌కు చెప్పి, కాటు పడ్డ కుక్క కిందే లెక్కగట్టి 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు డోసులు వేయించండి. ఆ తర్వాత ఏటా ఒకటి. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. షాపులో కొని చొక్కా జేబులో వేసుకుని బైకు మీద తెచ్చింది నీళ్లతో సమానం, పశువైద్యశాలలోనే వేయించండి. మిమ్మల్ని గీరినా, కరిచినా సబ్బుతో 15 నిమిషాలు ధార కింద కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. పసరు పోయించుకుని కూర్చోవద్దు.

కుక్కను గోనెసంచి మీద పడుకోబెట్టి తీసుకెళ్లండి. పాత టీకా కార్డు ఉంటే అది, మిగిలిన గోళీల అట్ట కూడా జేబులో పెట్టుకోండి.