పన్నెండేళ్లు మూలన పడిన యెజ్డి: కిక్కు కొట్టే ముందు

మీ తాతగారి యెజ్డి 250 మోటారుసైకిలు పన్నెండేళ్లుగా పశువుల కొట్టంలో ఉందనీ, కిక్కు దిగడం లేదనీ, మెకానిక్ చూసి బోరు (పిస్టను ఆడే సిలిండరు లోపలి గోడ) పోయింది, ఇంజను మొత్తం విప్పాలి అంటున్నాడనీ రాశారు. ముందు ఆ రాడ్డు మీద నుంచి కాలు తీయండి. ఈ బండికి కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా. కసిగా తొక్కి దాని పళ్లు అరగదీశారంటే రెండూ పోతాయి.

స్పార్క్ ప్లగ్గు కూడా తీయకుండా బోరు పోయిందని ఎవరూ చెప్పలేరు. మా నాన్నగారి బండి పద్నాలుగేళ్లు ఊక బస్తాల వెనుక ఉంది. దాని గురించీ అదే మాట అన్నారు. నిజానికి పిస్టను రింగులు తుప్పు పట్టి సిలిండరుకు అతుక్కున్నాయి, అంతే. ప్లగ్గు తీసి, డీజిలూ ఇంజను ఆయిలూ సగం సగం కలిపి మూడు చెంచాలు లోపల పోశాను. రెండు రోజులు ఆగి, నాలుగో గేరులో పెట్టి, బండిని ముందుకీ వెనక్కీ వేలెడంత మాత్రమే ఊపాను. రోజూ అదే పని. ఐదో రోజు సాయంత్రం కదిలింది.

ఈలోగా సైలెన్సర్లు విప్పి చూడండి. మా బండికి ఒకదాని నిండా కందిరీగ మట్టిగూడు, ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుక పరిచిన పీచు. టాంకులో రాత్రంతా వెనిగర్ నింపి ఉంచి, మర్నాడు గుప్పెడు బోల్టులు వేసి కుదిపితే తుప్పు రాలుతుంది. తరువాత తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి ఆరబెట్టి, వెంటనే కాస్త 2టి ఆయిలు (ఇలాంటి బండ్లకు పెట్రోలులో కలిపే ఆయిలు) లోపలంతా తిప్పాలి. లేకపోతే గంటల్లో మళ్లీ ఎర్రబడుతుంది. కార్బొరేటర్ జెట్టులో ఇనుప తీగ పెట్టకండి, రంధ్రం పెద్దదవుతుంది. గాలానికి కట్టే నైలాన్ దారం చాలు. పాత పెట్రోలు పైపు పారేయండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఆనాటి రబ్బరు దానికి తట్టుకోదు. క్లచ్ ప్లేట్లు అతుక్కుని ఉంటే లివరు నొక్కి తాడుతో కట్టి రాత్రంతా వదిలేయండి.

పాయింట్లను, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంచే లోహపు ముక్కలను, సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, 0.4 మిల్లీమీటరు సందు పెట్టండి. 6 వోల్టుల బ్యాటరీ కొత్తది కావాలి, అది లేనిదే కాయిలుకు కరెంటు అందదు. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల 2టి ఆయిలు కలపండి. ఇవన్నీ చేశాక నా బండి నాలుగో కిక్కుకే అందుకుంది. వీధంతా పొగ. అమ్మ వాకిట్లోకి వచ్చి, ఆ శబ్దం విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.

అక్కడే ఆగాల్సింది. ఆ సంబరంలో వారం తిరగకుండానే నలభై కిలోమీటర్ల ప్రయాణం పెట్టుకున్నాను. దారిలో యాక్సిలరేటర్ వదిలినా ఇంజను రొద తగ్గకపోవడం గమనించాను గానీ, కేబులు పట్టేసిందేమో అనుకున్నాను. కేబులు కాదు. ఏళ్ల తరబడి ఎండిపోయిన క్రాంక్ సీలు, అంటే పిస్టను తిప్పే ఇరుసు చివర గాలి చొరకుండా ఉండే రబ్బరు చుట్టు, లోపలికి గాలి పీలుస్తోంది. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతోనే ఆయిలు వెళుతుంది కనుక, గాలి ఎక్కువై మిశ్రమం పలచబడితే వేడీ పెరుగుతుంది, ఆయిలూ తగ్గుతుంది. ఓ చెరువు కట్ట మీద పిస్టను పట్టేసి చక్రం బిగుసుకుపోయింది. బోరు పోయిందన్న మెకానిక్ మాటను చివరికి నేనే నిజం చేశాను. సిలిండరు బోరింగు, కొత్త పిస్టను, ట్రాలీ ఆటో కిరాయి అన్నీ చేతి చమురే.

కాబట్టి మీ మెకానిక్‌కు చెప్పాల్సింది బోరు గురించి కాదు, రెండు క్రాంక్ సీళ్లూ ముందే మార్చమని. డైనమో వైపు సీలు పోతే నాకు జరిగినట్టే జరుగుతుంది. క్లచ్ వైపుది పోతే గేరు ఆయిలు లోపలికి లాగి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడినా సీళ్లు, గ్యాస్కెట్లు దొరుకుతూనే ఉన్నాయి. పాత సీలు చేతిలో పట్టుకుని వెళ్లి కొలత పోల్చి కొనండి.