ముద్ర లేని విక్టోరియా కాలపు చిత్తరువు బ్రోచ్: చేసిన కంసాలిని గుర్తించవచ్చా?

మీ బ్రోచ్ (దుస్తులకు గుచ్చుకునే నగ) బంగారు కట్టు మీద, అంటే బొమ్మను బిగించిన చట్రం మీద, తయారీదారు ముద్ర ఏదీ లేదని, కంసాలి ఎవరో తెలుసుకునే మార్గం చెప్పమని అడిగారు. లండన్‌లో ఉంటూ ఇటువంటి నగలను సేకరిస్తున్న నా అనుభవంలో చిత్రకారుని పేరు అప్పుడప్పుడూ దొరుకుతుంది గాని, కంసాలి పేరు దొరకడం అరుదు.

ముందుగా బొమ్మను దేనిమీద వేశారో భూతద్దంతో చూడండి. పల్చని దంతపు రేకు మీద నీటిరంగులతో వేసినదైతే, రంగు తేలికగా ఉన్న చోట దంతపు సన్నని చారలు కనబడతాయి. రాగి లేదా బంగారు రేకు మీద ఎనామిల్‌తో (కాల్చితే కరిగి అతుక్కునే గాజుపొడి రంగుతో) వేసి పలుమార్లు కొలిమిలో కాల్చినదైతే గాజులా మెరుస్తుంది. కాల్చినప్పుడు రేకు వంగిపోకుండా వెనుకవైపు కూడా ఎనామిల్ పూస్తారు. విక్టోరియా రాణికి ఎనామిల్ చిత్రకారుడిగా 1839లో నియమితుడైన విలియం ఎసెక్స్ తన పేరును, సంవత్సరాన్ని తరచుగా ఆ వెనుక పూత మీదే రాసేవాడు. నా దగ్గర కుక్క ముఖం ఉన్న పిన్ను ఒకటి ఉంది, ఆ రోజుల్లో మగవారు మెడగుడ్డకు గుచ్చుకునే రకం. దాన్ని పాత నగల మరమ్మతు తెలిసిన కంసాలి నా ఎదుటే విప్పగా, ఎసెక్స్ శిష్యుడైన విలియం బిషప్ ఫోర్డ్ సంతకం బయటపడింది. కట్టు చేసినవాని ఆనవాలు మాత్రం ఎక్కడా లేదు.

ఇక బంగారం సంగతి. ఆ కాలపు నగలు చాలావాటికి అధికారిక ముద్ర తప్పనిసరి కాదు కాబట్టి, ముద్ర లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కరలేదు. ఒకవేళ 15 క్యారెట్ల గుర్తు కనబడితే, బ్రిటన్‌లో ఆ ప్రమాణం 1854లో మొదలై 1932లో రద్దయింది గనుక, కాలం కొంతవరకు తేలుతుంది. ఆ కాలపు పేరున్న ఇటలీ కంసాలులలో కార్లో జూలియానో సీ.జీ. అక్షరాలను, కాస్టెల్లానీ కుటుంబం జంట సీ అక్షరాలను వేసేవారు. అవి లేకుండానే ఆ పేర్లు చెప్పి ధర పెంచే అమ్మకందారులు కొల్లలు, వారి మాటను నేను లెక్కలోకి తీసుకోను.

కట్టు విప్పించవలసి వస్తే మంట తగలనివ్వకండి, దంతపు బొమ్మకు తడి అసలే తగలరాదు. బ్రిటన్‌లో దంతపు చిత్తరువును అమ్మదలిస్తే, అది 1918కి ముందుదై, దంతపు ఉపరితలం 320 చదరపు సెంటీమీటర్లు మించకపోతే దంతపు వస్తువుల అమ్మకంపై ఉన్న నిషేధం నుంచి మినహాయింపు వర్తిస్తుంది. అయితే 2022 జూన్ నుంచి ముందుగా నమోదు చేయించాలి.